నీళ్ళు నిండుకున్నాయి

మొదటి రోజు

ఓడ బయలుదేరింది, వెనక్కి వచ్చింది, మళ్ళీ బయలుదేరింది. యుద్ధ శిక్షణకి వెళ్తున్న ఓడ గురించి మొదటి రోజే ఇలా రాసుకోవలసి వస్తుందని నేననుకోలేదు.

నా పేరు కూర్మారావు. ముప్ఫై ఆరేళ్ళు. నిరుటి దాకా తూనికలు కొలతల ఆఫీసులో ఇన్‌స్పెక్టర్ని. కిరాణా కొట్ల తక్కెళ్ళు, పెట్రోలు బంకుల పంపులు సరిచూసి ముద్ర వేసేవాణ్ణి. ముల్లున్న ప్రతి యంత్రం చేతా దూరం నుంచే అబద్ధమాడించడం యుద్ధంలో అవతలివాళ్ళు నేర్చుకున్నాక మా ఆఫీసు మూసేశారు. గడియారాన్ని నమ్మడానికి లేదు, దిక్సూచిని నమ్మడానికి లేదు, జ్వరం చూసే గొట్టాన్ని కూడా నమ్మడానికి లేదు. ఇప్పుడు చెల్లుతున్నది ఒక్కటే, మనిషి కంటితో చూసి నోటితో చెప్పిన మాట.

అందుకే ఈ ఓడలో ఒక్క మీటరు కూడా లేదు. ఓడను నడిపే యంత్రబుద్ధికి కుర్రాళ్ళు సరంగు అని పేరు పెట్టారు. దానికి కళ్ళు లేవు. గోడల్లో అక్కడక్కడా రేకు గొట్టాలున్నాయి. వాటిలో మనం చెప్పింది వింటుంది, విన్నదాన్ని బట్టి నడుచుకుంటుంది. ఏం చెప్పినా ముందు రెండు ప్రశ్నలు వేస్తుంది. "చూశారా? కొలిచారా?" ఈ ఓడలో నాకు నచ్చినది ఇదొక్కటే. నన్ను నోటి గుమాస్తాగా వేశారు. పొద్దున్నే వెదురుకర్ర ముంచి తొట్లలో నీళ్ళూ నూనే కొలిచి గొట్టంలో చెప్పడం నా పని. రెండు వందల పదమూడు మందిలో కర్ర మీద గీత చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణేనట!

ఇక వెనక్కి రావడం సంగతి. భీమిలి రేవులో తాడు విప్పగానే నేను తప్ప ఓడలో ఉన్నవాళ్ళంతా ఒడ్డు వైపు తిరిగి "ఎల్లొస్తాం! ఎల్లొస్తాం!" అని కేకలు పెట్టారు. ఓడ ఒక క్రోసు దూరం వెళ్ళింది. బుద్ధిగా తిరిగి వచ్చి రేవులో ఆగింది.

"వెళ్ళితిమి. వచ్చితిమి. రెండు వందల పన్నెండు మంది చెప్పినది నెరవేరినది" అంది సరంగు.

మా సుబేదారు ముకుందం గారు తెనాలి వైపు మనిషి. గొట్టం ముందు నిలబడి, "ఏందయ్యా ఇది? ఓడా, రంకుల రాట్నమా?" అని అరిచారు. దాని తప్పేమీ లేదు. రెండర్థాల మాటతో అవతలివాళ్ళు మోసం చేస్తారని, దానికి నేర్పిన తెలుగులో ఒక్కో మాటకి ఒక్కో అర్థం ఉంచి మిగతావి కోసేశారు. తప్పనిసరైతే మాట సవరణ చెప్పొచ్చు. అది కూడా ప్రయాణానికి మూడే. అందులో ఒకటి రేవులోనే ఖర్చయింది. నేనే చెప్పాను.

"వెళ్ళొస్తాను అంటే వెళ్తున్నాను అని. అంతే."

"వచ్చుట?"

"ఆ మాటలో వచ్చుట లెక్కలోకి రాదు. రాసుకో."

నిజానికి నాకీ మాటంటే మొదటి నుంచీ పడదు. ఇవాళ తెల్లవారుజామున ఇంటి నుంచి బయలుదేరుతుంటే నా భార్య నీలవేణి గుమ్మం దాకా వచ్చి, "వెళ్ళొస్తాను అనండి" అంది. "వెళ్తున్నాను" అన్నాను. ఎప్పుడొస్తానో, అసలొస్తానో లేదో తెలియనివాడు వస్తాననడం దొంగ తూకం. పదమూడేళ్ళు దొంగ తూకాలు పట్టుకున్నవాణ్ణి నేను. వీధి మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ ఇంకా గుమ్మంలోనే ఉంది. ఇంత చిన్న విషయానికి అంత ముఖం పెట్టుకోవడం ఎందుకో నాకర్థం కాదు.

రెండో రోజు

పొద్దున్న ఓడ ఒక్కసారిగా పక్కకి తిరిగింది. అటుకుల బస్తాల మీద నుంచి నేను, నా మీద నుంచి పక్క పడక తవిటినాయుడు దొర్లిపోయాం. తవిటినాయుడు చేపల వేట చేసుకునే మనిషి. నన్ను ఇనస్పెట్రు బావూ అంటాడు. దెబ్బ తగిలినా నవ్వుతూనే ఉంటాడు, అది కూడా నాకు చిరాకే.

గొట్టం దగ్గరికి పరుగెత్తాను. సరంగు నన్నే అడిగింది. "కొండ ఏ దిక్కున ఉన్నది? దీపం ఎక్కిన కొండకు ఓడకు మధ్య దూరమెంత?"

నడిసముద్రంలో కొండేమిటి? ఆరా తీస్తే సంగతి వంటింట్లో తేలింది. వంట చేసే దాలమ్మని ఓడంతా అప్ప అంటుంది. అరవై ఏళ్ళుంటాయి. పొయ్యి పక్కన చిన్న నూనెదీపం పెట్టుకుంటుంది. గాలికి అది ఆరిపోతే, తనలో తను "అయ్యో, దీపం కొండెక్కీసింది" అనుకుంది. పక్కనే గొట్టం. కొండకి గుద్దుకోకుండా సరంగు ఓడను తిప్పేసింది.

"ఆరిపోయింది అని అనలేవా అప్పా?" అన్నాను.

"దీపాన్ని అలగంటారేటి బావూ? సుబమా అని పయనమైతే!"

రెండో సవరణ అక్కడ అయిపోయింది. ఇంక ఒక్కటే ఉంది. వంటింటి గోడ మీద బొగ్గుతో పెద్ద అక్షరాలతో రాసిపెట్టాను, 'ఉన్నది ఉన్నట్టు చెప్పవలెను' అని. అప్ప దాన్ని కూడబలుక్కుని చదివి, "నానెప్పుడు లేనిది సెప్పినాను?" అంది.

మూడో రోజు

ఎక్కువ రాయలేను. కడుపులో మంచినీళ్ళు కూడా నిలవడం లేదు. లేచి నిలబడితే పడిపోతున్నాను. ఈ పూటకి నీళ్ళ సంగతి సరంగుకి నువ్వే చెప్పమని అప్పకి కబురు పెట్టాను. ఉన్నది ఉన్నట్టు చెప్పమని మరీ మరీ చెప్పాను.

నాలుగో రోజు

కళ్ళు తెరవగానే ఏదో తేడాగా అనిపించింది. మూడు రోజులుగా నేల కింద నుంచి వినబడుతూ వచ్చిన మోత ఇవాళ లేదు. అది మంచినీళ్ళ మర మోత. సముద్రపు నీటిని తాగేనీరు చేసే మర అది. దాని చప్పుడు అవతలివాళ్ళకి వినబడుతుందని, తొట్టిలో నీళ్ళు తగ్గినప్పుడు మాత్రమే సరంగు దాన్ని నడుపుతుంది. మీట దాని చేతిలోనే ఉంది, మనిషి చేత్తో నడిపే వీలు లేదు.

వెళ్ళి ముందు తొట్టిలో కర్ర ముంచాను. పొడిగా వచ్చింది. వెనక తొట్టిలో ముంచాను. అక్కడ నీళ్ళుండాలి, మొన్న నేనే కొలిచాను, మూడు గీతలు. అదీ పొడిగా వచ్చింది.

తవిటినాయుడు అన్నాడు, "నిన్న మద్దేనం ఓడ పక్కనించి బడబడా నీల్లు పోసీసింది బావూ. ఓడ కడుగుతందనుకున్నాను."

గొట్టం దగ్గరికి వెళ్ళి చెప్పాను. "రెండు తొట్లూ ఖాళీ. మర నడుపు."

"చూశారా? కొలిచారా?"

"చూశాను. కొలిచాను."

"నిన్నటి మాటతో ఇది పొసగదు."

"నిన్నటి మాట ఏమిటి?"

"మంచినీళ్ళు నిండుకున్నాయి."

"నేను చెప్పేదీ అదే కదా!"

"కాదు. మీరు చెప్పేది దానికి విరుద్ధం."

"ఏమిట్రా విరుద్ధం! నిన్నా అదే, ఇవాళా అదే!"

"విరుద్ధమైన రెండు మాటలను ఒకటే అంటున్నారు. ఇది శత్రువు గొంతు కావచ్చును. నియమం ప్రకారం మూడు రోజులు మీ నోరు చెల్లదు."

ఆ తర్వాత ఎంత అరిచినా సమాధానం లేదు. గొట్టాన్ని కర్రతో కొట్టాను. కర్ర విరిగింది. కొలత కర్ర! అది ఓడలో ఒక్కటే ఉంది. పైన ఒక గీత పోయింది. పొడి తొట్టికి పై గీత ఎందుకులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వంటింట్లో రెండు పీపాల నీళ్ళున్నాయి. రెండు వందల పదమూడు మందికి మనిషికి పూటకి అరగ్లాసు. అవి కూడా రెండు రోజులకే వస్తాయి. ఉప్పుదిబ్బ శిబిరానికి ఇంకా ఐదు రోజులుంది.

ఐదో రోజు

తవిటినాయుడికి జ్వరం పట్టుకుంది. నా నీళ్ళలో సగం వాడికి పోశాను. మంచితనం కాదు, వాడు మూలుగుతుంటే నాకు నిద్ర పట్టడం లేదు. పెదాలు పగిలి రక్తం వస్తోంది. సుబేదారు గారు తన పెట్టెలోంచి మాత్రలు తెచ్చిచ్చారు గానీ, వేసుకోవడానికి నీళ్ళేవి?

అన్నం వండడం మానేశాం. పొడి అటుకులు, బెల్లం. నోట్లో పెట్టుకుంటే మింగుడు పడవు. కుర్రాళ్ళు నన్ను చూడగానే "నోరు చెల్లని గుమాస్తా వస్తన్నాడు" అంటున్నారు. నోరుండీ మూగవాణ్ణయ్యాను. నాలుగు వైపులా నీళ్ళే, తాగడానికి చుక్క లేదు. ఎవరి మీద కోప్పడాలో తెలియక అందరి మీదా కోప్పడుతున్నాను.

సుబేదారు గారి దగ్గరికి వెళ్ళాను. "మీరు చెప్పండి సార్. మీ నోరు ఇంకా చెల్లుతుంది."

ఆయన తల అడ్డంగా ఊపారు. "చుక్కల్ని చూసి ఓడకి దారి చెప్పేది నేనొక్కణ్ణేనయ్యా. నాక్కూడా నోరు మూసిందనుకో, ఓడ ఎటు పోతదో దానికీ తెలవదు, మనకీ తెలవదు. దాని బుర్రలో అవతలోళ్ళు దూరారని నా అనుమానం. ఎల్లుండి దాకా చూస్తా. అప్పటికీ నీళ్ళు రాకపోతే సాయం కోసం పొగ వదుల్తా."

పొగ వదిలితే మనవాళ్ళకంటే ముందు అవతలివాళ్ళు చూస్తారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. నావైపు చూడకుండా చెప్పారు.

అప్పని కూడా అడిగాను, మొన్న సరంగుకి ఏం చెప్పావని. "ముందు తొట్టి సూసి, నీల్లు నిండుకున్నాయి, నిండుకున్నాయి అని రెండు మార్లు సెప్పినాను. నువ్వు మరీ మరీ సెప్పమన్నావు గదా" అంది. సరిగ్గానే చెప్పింది. మరి ఆ యంత్రానికి ఏ మాయరోగం వచ్చినట్టు?

ఆరో రోజు

చెప్పుతో కొట్టాలనిపిస్తోంది. ఎవర్నో కాదు, నన్ను నేనే.

రోజూ పొద్దున్న సరంగు అందరికీ వినబడేలా ఓడ పరిస్థితి చదువుతుంది. మనుషులు వాడిన మాటలే తనూ వాడాలని దానికో నియమం. ఇవాళ గాలి, దారి చెప్పి, చివర్న అంది, "ఈ ఓడలోని రెండు వందల పదమూడు పడకలూ నిండుకున్నాయి."

జ్వరంలో కళ్ళు మూసుకుని ఉన్న తవిటినాయుడు ఎండిపోయిన నోటితో నవ్వాడు. "పడకలు నిండుకోడమేటి బావూ? మనవందరం సచ్చిపోనామేటి?"

లేచి కూర్చున్నాను. పడకలు ఖాళీగా లేవు. అన్నిటి మీదా మనుషులున్నారు. దాన్ని అది నిండుకోవడం అంటోంది. నిండుకోవడం అంటే దానికి నిండడమే!

బియ్యం అయిపోతే అయిపోయాయని ఏ ఇంట్లో అంటారు? నిండుకున్నాయి అంటారు. నీలవేణి వారానికోసారైనా అంటుంది. నేనెప్పుడూ విని సంచీ పట్టుకుని బజారుకి వెళ్ళానే గానీ, ఆ మాట తలకిందులుగా ఉందని ఒక్కసారీ గమనించలేదు. కొలతల ఇన్‌స్పెక్టర్ని! తొట్టి పొంగిపోతోందని అప్ప చెప్పినట్టు సరంగుకి అర్థమైంది. మర ఆపేసింది. రెండు తొట్లూ నిండితే ఓడకి బరువెక్కువని వెనక తొట్టిని సముద్రంలో పారబోసింది. నేను వెళ్ళి ఖాళీ అన్నాను. అదే మాట కదా అని వాదించాను. శత్రువు అనక ఏమంటుంది?

సుబేదారు గారిని లేపి చెప్పాను. ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. తర్వాత నియమాల కాగితం తీసి చూశారు. పొసగని మాటను దిద్దాలంటే దాన్ని చెప్పిన నోరే దిద్దాలి. మొదటి మాట చెప్పింది దాలమ్మ. మొత్తం ఓడ ఇప్పుడు ఆవిడ నోటి మీద ఆధారపడి ఉంది.

ఇద్దరం వంటింటికి వెళ్ళాం. విషయం చెప్పి, "అప్పా, గొట్టంలో నీళ్ళు లేవు అని ఒక్క మాట చెప్పు" అన్నాను.

ఆవిడ గరిటె కింద పెట్టింది. "ఆ మాట నాననను."

"ఎందుకనవు?"

"వొంటింట్లో లేదన్న మాట నా నోట రాదు బావూ. ఒక్కపాలి అన్నాను, సిన్నప్పుడు. మా అత్త మీద కోపమొచ్చి, ఇంట్లో నూకలు లేవు అని వాకిట్లోకెల్లి అరిసినాను. ఆ యేడు నిజంగానే లేకపోనాయి. మా పెద్ద పిల్ల ఆ యేడే పోయింది. ఇక్కడ రెండొందల మంది పిల్లలున్నారు. యుద్దానికెల్తన్నారు. ఈల్ల అన్నం కాడ నిలబడి లేదని నానెలగంటాను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అది మూఢనమ్మకమనీ, ఆవిడ సెంటిమెంటు కోసం పిల్లలు దాహంతో చచ్చిపోతారనీ, తవిటినాయుడు సాయంత్రం దాకా ఉంటాడో లేదో అనీ అరిచాను. అరవకూడని మాటలు కూడా అరిచాను. అప్ప ఏడవలేదు. పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. సుబేదారు గారు నా భుజం పట్టుకుని బయటికి లాగబోయారు.

అప్పుడు ఆవిడే లేచింది. "ఆ కర్ర ఇలాగియ్యి" అంది.

విరిగిన కొలత కర్ర ఇచ్చాను. మెట్లు పట్టుకుని ఒక్కో అడుగూ వేసుకుంటూ తొట్టి దగ్గరికి వెళ్ళింది. కర్ర ముంచింది. తీసి అరచేత్తో తుడిచి చూసింది. మళ్ళీ వంటింట్లోకి వచ్చి గొట్టం దగ్గర నోరు పెట్టింది.

"సరంగూ, నాను దాలమ్మని. తొట్టిలో కర్ర ముంచినాను. కర్ర పొడిగా వొచ్చింది."

"చూశారా? కొలిచారా?"

"సూసినాను. సేత్తో ముట్టుకున్నాను."

"మీరే మొన్న నిండుకున్నాయి అన్నారు."

"అన్నాను. మల్లీ అంటాను. నిండుకున్నాయి."

"కర్ర పొడిగా ఉన్నది. నీళ్ళు నిండుకున్నాయి. ఈ రెండూ పొసగవు. నిండుకొనుట అనగా ఏమి?"

నేను నోరు తెరవబోయి ఆగిపోయాను. నా నోరు ఎలాగూ చెల్లదు.

"నిండుకోడమంటే, ఇప్పుడు గిన్నెలో ఏటీ కనపడదు. మల్లీ నిండాల. నిండాలని కోరుకుని ముందే ఆ మాటనీడమే, నాయినా."

సరంగు అంది, "మూడవ సవరణగా రాసుకొంటిని. నిండుకొనుట అనగా లేకుండుట. మళ్ళీ నిండవలెనని కోరుట. వెనక తొట్టి నీటిని పారబోసితిని. అది పొరపాటు."

"పోన్లే, నీకేటి తెలుసు" అంది అప్ప, గొట్టాన్ని చేత్తో నిమిరి.

నేల కింద మోత మొదలైంది. ఓడంతా ఒకేసారి కేక పెట్టింది. నేను కేక పెట్టలేదు. నా గొంతులో తడి లేదు, పైగా సిగ్గుగా ఉంది. అప్పకి క్షమించమని చెప్పాను. "నువ్వు తిట్టకపోతే ఆ కర్ర సంగతి నాకెక్కడ తడుతుంది?" అంది.

ఏడో రోజు

నీళ్ళు తుప్పు వాసన వేస్తున్నాయి. మూడు గ్లాసులు తాగాను. తవిటినాయుడు గంజి తాగాడు. జ్వరం తగ్గింది, మాటలు పెరిగాయి. నిండుకోవడం అన్న మాట మీద పొద్దుటి నుంచీ వాడు వేస్తున్న జోకులు రాయడానికి ఈ పుస్తకం చాలదు. వాడి బీడీలు నిండుకున్నాయట, నా ఓపిక నిండుకుందట. రెండోది నిజమే. సరంగు దగ్గర నా నోరు మళ్ళీ చెల్లుతోంది. పొగ వదలక్కర్లేకుండా పోయింది.

తొమ్మిదో రోజు

ఉప్పుదిబ్బ చేరాం. తెల్లటి ఇసుక, దాని మీద వరసగా గుడారాలు, గుడారాల ముందు తుపాకులు పట్టుకుని గంతులు వేస్తున్న మాలాంటివాళ్ళు. ఇక్కడ నాలుగు నెలల శిక్షణ. ఆ తర్వాత ఎక్కడికో ఎవరూ చెప్పరు. అంతా అయ్యాక మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళేది ఈ ఓడే. దాలమ్మప్ప ఓడతోనే భీమిలికి వెళ్ళి, మళ్ళీ ఓడతోనే వస్తుంది.

దిగేచోట నిచ్చెన పక్కన చివరి గొట్టముంది. రెండు వందల పదకొండు మంది పెట్టెలు మోసుకుంటూ దాని ముందు నుంచి దిగారు. ప్రతివాడూ గొట్టాన్ని తట్టి "ఎల్లొత్తాను సరంగూ" అన్నాడు. అప్ప ఒక్కొక్కరి తలా నిమిరింది. తవిటినాయుడైతే గొట్టానికి ముద్దు పెట్టాడు. లెక్క సరిచూసుకోవాలని నేను చివర్న నిలబడ్డాను.

అందరూ దిగాక సరంగు చదివింది. "వెళ్ళినవారు రెండు వందల పదకొండు. వెళ్ళవలసినవారు ఒకరు. తిరిగి వచ్చెదమని చెప్పినవారు సున్న. తిరుగు ప్రయాణమునకు పడకలు అక్కరలేదు. పడకలు తీసివేసి సరుకు వేసుకొందును."

"ఏమిటీ? సున్నా?"

"సున్న."

"ఇప్పుడే కదా ఒక్కొక్కడూ వెళ్ళొస్తానని చెప్పింది!"

"వెళ్ళొస్తాను అనగా వెళ్తున్నాను అని మాత్రమే. వచ్చుట లెక్కలోకి రాదు. మొదటి సవరణ. గొంతు కూర్మారావు గారిది."

నా గొంతే. కాదనడానికి లేదు. "ఆ సవరణ కొట్టెయ్యి" అన్నాను.

"కొట్టివేయుటకు ఇంకొక సవరణ కావలెను. క్షమించండి. మీ సవరణలు నిండుకున్నాయి."

అప్ప నా మొహం చూసి కంగారుపడింది. విషయం చెప్పాను. ఆవిడ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుంది. "ఎంత పని సేసినావు బావూ! ఎవులైనా ఎల్తానని ఉత్తినే అంటారేటి? వత్తానని దాని ఎనకాల తగిలించీది అందుకే గదా!"

రేవులో సుబేదారు గారు వరసలు కట్టిస్తున్నారు. ఇంకో పావుగంటలో ఓడ కదిలిపోతుంది. నిచ్చెన మెట్ల మీద నిలబడి నేను చెప్పిన సవరణని అక్షరం అక్షరం గుర్తు చేసుకున్నాను. కొలతల ఆఫీసులో నేర్చుకున్న బుద్ధి ఒకటుంది, ముద్ర ఏ రాయి మీద వేస్తే ఆ రాయికే చెల్లుతుంది, పక్క రాయికి చెల్లదు. నేను ముద్ర వేసింది వెళ్ళొస్తాను అన్న మాటకి. ఉత్త వస్తాను అన్న మాటని నేను ముట్టుకోలేదు.

కిందికి చూసి అరిచాను. "అందరూ మళ్ళీ రండి! గొట్టం ముందు ఒక్క మాట చెప్పి పొండి! వస్తాను అనండి! ముందు ఇంకేమీ తగిలించకండి!"

"మళ్ళీ ఏందయ్యా!" అని సుబేదారు గారు నెత్తి కొట్టుకున్నారు. సంగతి చెప్పాను. ఆయన తనే ముందు మెట్లెక్కారు.

"వస్తాను" అన్నారు.

"చూశారా? కొలిచారా?" అంది సరంగు.

ఆయన నావైపు చూశారు. సరంగుకి నేనే జవాబు చెప్పాలి. ఎవరూ చూడనిది, ఏ కర్రకీ అందనిది. పదమూడేళ్ళలో ఇలాంటి దానికి ముద్ర వెయ్యమంటే తక్కెడ లాక్కుని కేసు రాసేవాణ్ణి.

"చూడలేదు, కొలవలేదు" అన్నాను.

"అయితే ఏమని రాయవలెను?"

"మాట ఇచ్చారని రాయి."

"మాట ఇచ్చారు. ఒకటి."

తర్వాత అందరూ వచ్చారు. కొందరు గట్టిగా, కొందరు సిగ్గుపడుతూ, "వత్తాను", "వస్తాను", "వత్తాన్లే". తవిటినాయుడు గొట్టానికి మళ్ళీ ముద్దు పెట్టాడు. సరంగు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. చివరి కుర్రాడు దిగాక, "రెండు వందల పదకొండు" అని ఆగింది. ఓడ కదలలేదు.

"ఇంకా ఎవరు?" అని చుట్టూ చూశాను. నిచ్చెన మీద నేనొక్కణ్ణే ఉన్నాను.

నాకు గుమ్మంలో నీలవేణి కనిపించింది. ఆవిడ అడిగింది ఎప్పుడొస్తారని కాదు. కొలత అడగలేదు. గిన్నె ఖాళీ అయినప్పుడు మళ్ళీ నిండాలని అనుకున్నట్టు, ఒక్క మాట అనమంది. తొమ్మిది రోజులుగా నేను అందరి మాటలూ దిద్దుతూ కూర్చున్నాను, ఆ ఒక్కటీ చెప్పకుండా.

"వస్తాను" అన్నాను. గొట్టానికి దగ్గరగా జరిగి మళ్ళీ అన్నాను.

"చూశారా? కొలిచారా, కూర్మారావు గారూ?"

"లేదు. మాట ఇచ్చాను."

"రెండు వందల పన్నెండు. పడకలు ఉంచితిని."

ఓడ కదిలేలోపు రేవులో పెట్టె మీద కూర్చుని ఇది రాస్తున్నాను. సుబేదారు గారు రెండుసార్లు పిలిచారు. ఈ పుస్తకం దాలమ్మప్ప చేతికిస్తాను, భీమిలిలో మా ఇంట్లో ఇమ్మని. మిగతా పేజీలన్నీ చదవకపోయినా ఫరవాలేదు, ఈ ఆఖరి ముక్క చదివితే చాలు.

నీలవేణీ, వస్తాను.